రీమ్ కొట్టిన దెబ్బ

పోయిన వారం బీబీజాన్‌ను బట్టలుతికే గది గుమ్మంలో, మూసిన తలుపుకు వీపు ఆనించి నిలబడ్డచోట వదిలిపెట్టాం. ఆమె వెనక, గది లోపల, మాసిన తువాళ్ళ బుట్టలో పసుపురంగు పిల్లిపిల్ల ఉంది. ఆమె ఎదురుగా వాకర్ పట్టుకుని ఉమ్ నాసర్ ఉంది. సౌదీలో హాయిల్ ఊళ్ళోని ఆ పాత ఇంటికి యజమానురాలు ఆమె. తుంటి ఎముక విరిగిన నాటి నుంచి పడకగది దాటని మనిషి, ఆ పొద్దున నడవా అంతా నడిచి వంటింటి వెనక్కి వచ్చేసింది. వచ్చి రెండే మాటలంది.

"తలుపు తియ్యి."

 బీబీజాన్ రాయచోటి నుంచి వచ్చి అయిదేళ్ళుగా ఈ ఇంట్లో పనిచేస్తోంది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళందరిలాగే తనూ యజమానురాలిని 'మామా' అని పిలుస్తుంది. ఆ మామాకు తెలియకుండా పిల్లిని దాచింది. అదీ ఎలాంటి ఇంట్లో! ముందే రెండు ముసలి పిల్లులు ఏలుతున్న ఇంట్లో. ఒకటి ఖమర్, తెల్లటి బొద్దు మగపిల్లి, మామా భర్త, చనిపోయిన పెద్దాయన, చేతిమీద పెరిగింది. రెండోది రీమ్, బూడిదరంగు ఆడపిల్లి, సన్నగా ఉంటుంది, దానికి ముక్కుమీదే కోపం. ఈ రెండింటినే ఎవరికైనా ఇచ్చేయమని, అమ్మను తనతో రియాద్‌కు వచ్చేయమని కొడుకు నాసర్ ఫోన్ చేసినప్పుడల్లా పోరుతున్నాడు. అలాంటప్పుడు మూడోదా?

ఇక దాచి లాభం లేదు. బీబీజాన్ పక్కకు జరిగి తలుపు తీసింది.

పిల్లిపిల్ల బుట్టలోంచి తల పైకెత్తి చూసింది. దాని చెవులు ఒంటికి మించి పెద్దవి. మామాను చూసి నోరు తెరిచింది గాని గొంతు రాలేదు.

 మామా వాకర్ పక్కకు నెట్టి, వాషింగ్ మెషిన్ పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు మీద మెల్లగా కూర్చుంది.

"ఎన్నాళ్ళయింది?"

"వారం దాటింది, మామా."

ఆ ఇంట్లో మాటలన్నీ అరబ్బీలోనే. బీబీజాన్ అరబ్బీకి తల ఉంటే తోక ఉండదు. అయినా ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అందకపోవడమంటూ ఎప్పుడూ లేదు.

"ఎవరు తెచ్చారు?"

"తోట పనివాడు లింబాద్రి. దీని తల్లి తోటలో ట్రాక్టర్ కింద పడి చచ్చిపోయిందంట. అక్కడ కుక్కలు ఎక్కువ. టమాటా పెట్టెలో పెట్టి తెచ్చాడు. పొమ్మని చెప్పలేకపోయాను. మీకు ఎలా తెలిసింది, మామా?"

"రీమ్ చెప్పింది," అంది మామా. "నువ్వు నాకు కాళ్ళు పిసకడానికి వస్తావా, అది నీ చేతులు వాసన చూసి బుస్సుమంటుంది. అయిదేళ్ళుగా నీ ఒళ్ళో పడుకున్న పిల్లి నీ చేతులను చూసి బుసకొడుతోందంటే, ఆ చేతులు ఇంకో పిల్లిని ఎత్తుకున్నాయని నాకు తెలియదా? మొదటి రోజే తెలిసింది. నువ్వే చెప్తావని చూశాను. రోజూ చూశాను."

బీబీజాన్ తల వంచుకుంది.

"ఎందుకు చెప్పలేదు?"

"పంపించేస్తారని."

"పిల్లినా?"

  బీబీజాన్ ముఖం చూసి మామాకు అర్థమయింది. ముసలామె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటివంకే చూసుకుంది.

"నా ఒళ్ళు కడిగావు. నేను నడవలేకపోతే నన్ను పసిబిడ్డను మోసినట్టు మోశావు. అంత చేశాక కూడా, ఒక పిల్లిపిల్ల కోసం నిన్ను గేటు బయటికి నెడతాననుకున్నావా?"

ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే బీబీజాన్ తట్టుకునేది. ఆమె అక్కడే నేలమీద, మామా కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చేసింది.

ఆ భయం మామా వల్ల వచ్చింది కాదు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో, వేరే ఊళ్ళో, వేరే ఇంట్లో పనిచేసింది బీబీజాన్. ఒక పగిలిన అద్దం గురించి ఇంట్లో గొడవయితే, ఎవరు పగలగొట్టారో ఎవరూ అడగలేదు. ఆమె సంచీ ఆమె చేతికిచ్చి, ఏజెన్సీ ఆఫీసు గుమ్మంలో దించిపోయారు. అక్కడి బెంచీమీద కూర్చున్న ఆడవాళ్ళను చూడడానికి ఎవరెవరో వచ్చేవాళ్ళు. వంట వచ్చా, పిల్లల్ని చూస్తావా, జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగేవాళ్ళు. ఒకరోజు నల్ల అబాయాలో ఒక ముసలామె వచ్చి ఆమె ఎదురుగా నిలబడి, ఆ ప్రశ్నలేవీ అడగకుండా, "పొద్దున ఏమైనా తిన్నావా?" అంది. లేదని చెప్తే, డ్రైవర్‌ను పంపి రొట్టె, పెరుగు తెప్పించి, తినేదాకా పక్కనే కూర్చుంది. ఇంటికి తెచ్చిన రోజు కొడుకు చేతిలోంచి పాస్‌పోర్టు తీసుకుని బీబీజాన్ చేతిలో పెట్టి, "నీది నీ దగ్గరే ఉండాలి" అంది.

ఆ మనిషి దగ్గర భయపడ్డాను కదా అనుకుంటే బీబీజాన్‌కు ఏడుపు ఆగడం లేదు. మామా ఆమె తలమీద చెయ్యి వేసింది. పిల్లిపిల్ల బుట్టలోంచి దిగి, ఇద్దరి మధ్యకూ వచ్చి, మామా అబాయా అంచును పంజాతో లాగింది.

"పేరు పెట్టావా?" అని అడిగింది మామా.

"లేదు, మామా. పేరు పెడితే ఇంక వదల్లేనని పెట్టలేదు."

మామా వంగి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. అరచేతిలో సరిపోయింది. "నిఅమా," అంది. "అల్లా అడక్కుండా ఇచ్చే మేలు."

బీబీజాన్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మా ఇంట్లో నేమత్ అంటాం, మామా. అదే మాట."

"అయితే నువ్వు నేమత్ అను," అంది మామా. "ఇప్పుడు లే. ఏడుపుకు తర్వాత తీరిక చేసుకుందాం. దీన్ని తీసుకెళ్ళి రీమ్ ముందు పెట్టావనుకో, ఈ పూటే కళ్ళు పోగొట్టుకుంటుంది. మా నాన్నగారింట్లో నేను పిల్లుల మధ్యే పెరిగాను. చెప్తాను, విను."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కొత్త పని మొదలయింది. మామా చెప్పేది, బీబీజాన్ చేసేది. నేమత్‌ను తుడిచిన తువాలు తెచ్చి ముసలి పిల్లులు తినే గిన్నెల కింద పరిచింది. ఖమర్ పడుకునే దుప్పటి ముక్క తెచ్చి నేమత్ బుట్టలో వేసింది. మూసిన తలుపుకు ఇటు రెండు గిన్నెలు, అటు ఒక గిన్నె పెట్టి, ఉడికించిన కోడిమాంసం ఒకే వేళకు వేసింది. వాసన ముందు స్నేహం చెయ్యాలి, ఆ తర్వాతే కళ్ళు కలవాలి అనేది మామా.

మొదట్లో ఏదీ కుదరలేదు. ఖమర్ ఆ తువాలు వాసన చూసి, తిండి ముట్టకుండా పోయి పెద్దాయన కుర్చీ కింద దూరింది. రీమ్ మాత్రం తిన్నది. తింటూనే మధ్య మధ్య తల ఎత్తి తలుపును తిట్టింది. తిండి అయిపోయాక కూడా తలుపు ఎదురుగానే కూర్చునేది, అవతల చప్పుడయితే తోక పొదలా పెంచేది.

"ఏందే నీ ఆర్భాటం? అది పిడికెడు లేదు. నిన్నేం చేస్తాదని?" అని బీబీజాన్ దాన్ని తెలుగులో మందలించేది. రీమ్ ఆమెను కూడా ఒకసారి బుస్సుమనేది.

కానీ బీబీజాన్ గమనించింది ఇంకొకటి. పొద్దున్నే గంట మోగించి టీ పడకగదిలోకి తెప్పించుకునే మామా, ఇప్పుడు టీ వేళకు వాకర్ చప్పుడు చేసుకుంటూ వంటింట్లోకి వచ్చేస్తోంది. "ఖమర్ తిన్నదా? రీమ్ ఎక్కడుంది?" అని అడుగుతూ కుర్చీ లాక్కుని కూర్చుంటోంది. డాక్టరు నడవమంటే విసుక్కున్న మనిషి, పెద్దాయన పోయాక ఎవరొచ్చినా గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, ఇప్పుడు పిల్లి తిన్నదో లేదో చూడడానికి నడవా అంతా నడుస్తోంది.  పైకి అంటే దిష్టి తగులుతుందేమోనని బీబీజాన్ పెదవులు బిగించుకుని, మనసులోనే అల్లాకు వెయ్యి దండాలు పెట్టుకుంది.

లింబాద్రి కూరగాయలు వేసుకుని వచ్చే రోజు వచ్చింది. ఆర్మూరు దగ్గరి పల్లె అతనిది. ఊరి బయట ఉమ్ నాసర్ వాళ్ళ తోటలో పనిచేస్తాడు. తోటను అందరూ మజరా అంటారు. కోళ్ళ దడికి వాడే ఇనుప జాలీని చెక్క చట్రానికి బిగించి తెచ్చాడు. తలుపు తీసి దాని చోట ఈ జాలీ నిలబెడితే పిల్లులు ఒకదాన్నొకటి చూసుకోవచ్చు, కొట్టుకోలేవు. అదీ మామా చెప్పి చేయించిందే.

"ఎట్లున్నదే అక్కా నా బిడ్డ?" అన్నాడు పెరటి గుమ్మం దగ్గర చెప్పులిప్పుతూ.

"నీ బిడ్డా? టమాటాలు దించినట్టు దించేసి పోయినావు. నా పానం యాడికి పోయిందో నాకే తెలుసు."

"మరేం జెయ్యాలె అక్కా? కుక్కల నడుమ ఒక్క దినం గూడ బతుకకపోతుండె. నీకిస్తే బతుకుతదనుకున్న, బతికింది. మామా మస్తు తిట్టిందా?"

"తిట్టింటే బాగుండు. ఎందుకు చెప్పలేదని అడిగింది."

లింబాద్రి నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. మేకులు కొడుతూ, "నువ్వు పోతున్న సంగతి చెప్పినవా మరి?" అన్నాడు.

బీబీజాన్ చేతిలో ఉన్న కొత్తిమీర కట్ట అలాగే ఉండిపోయింది.

ఆ సంగతి ఆమె ఇక్కడ లింబాద్రికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె కూతురు షమీమ్ నర్సు చదువు పూర్తి చేసి, కడపలో ఒక ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరింది. చిన్నప్పటి నుంచి పెద్దమ్మ సుల్తానా ఇంట్లో పెరిగిన పిల్ల, ఇప్పుడు తనే రెండు గదులు అద్దెకు తీసుకుంది. "అమ్మీ, ఒక గది నీదే. కిటికీకి పరదా కూడా కట్టినా. రంజాను అయినాక ఆడుండే అకామా పర్మిట్టు గడువు అయిపోతాది గదా, మళ్ళా కొత్తది చేయించుకోవాకు. వచ్చేయ్" అని ఫోన్‌లో అన్నప్పుడు, బీబీజాన్ మురిసిపోయి, వస్తానని మాటిచ్చేసింది. కూతురు చేతి అన్నం తినే రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"చెప్పాల," అంది లింబాద్రితో. "రోజూ అనుకుంటాండా. పొద్దున్నే ఆమె నడ్చుకుంటా వస్తాది, నా నోరు పడిపోతాది."

"ఎట్లనన్న నువ్వే చెప్పాలె అక్కా. ఇంకొకలు చెప్తే మంచిగుండదు." అతను జాలీని ఊపి చూసి, గట్టిగానే ఉందనుకుని లేచాడు.

జాలీ వచ్చాక పనులు తొందరగా సాగాయి. నేమత్ జాలీకి అంటుకుని పడుకుని, ఇవతల రీమ్ తోక ఊగుతుంటే దానికోసం పంజా చాపేది. రీమ్ తోక లాక్కునేది. కాసేపటికి మళ్ళీ అదే చోట పెట్టేది. "చూశావా," అంది మామా, "కోపం అయితే తోక అక్కడ ఎందుకు పెడుతుంది?" ఖమర్ కూడా కుర్చీ కింద నుంచి వచ్చి దూరంగా కూర్చుని చూసేది. మెతక పిల్లి, దానితో ఇబ్బంది ఉండదని ఇద్దరూ అనుకున్నారు. ఉంటే రీమ్‌తోనే.

గురువారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మామా వంటింట్లో కుర్చీ వేయించుకుని, "ఇవాళ జాలీ తియ్యి," అంది.

బీబీజాన్ బిస్మిల్లా అనుకుని చట్రాన్ని పక్కకు జరిపింది. చేతిలో మందపాటి తువాలు సిద్ధంగా పెట్టుకుంది.

నేమత్ గడప దాటింది. పాలరాతి నేలమీద కాళ్ళు జారుతుంటే అడ్డదిడ్డంగా నడుచుకుంటూ నేరుగా ఖమర్ దగ్గరికే పోయింది. తెల్లగా, మెత్తగా ఉన్నది తల్లి అనుకున్నదో ఏమో. పోయి దాని పొట్ట కింద తల దూర్చింది.

ఖమర్ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. అలాంటి చప్పుడు ఆ పిల్లి నోట బీబీజాన్ ఎప్పుడూ వినలేదు. చెవులు వెనక్కి వాలాయి, ఒళ్ళు రెండింతలయింది. ఒక్క దూకుతో నేమత్‌ను వెల్లకిలా పడేసి మీదికి ఎక్కింది. పిల్లిపిల్ల కీచుమంది.

"యా అల్లా!" బీబీజాన్ తువాలు పట్టుకుని ముందుకు ఉరికింది.

ఆమెకన్నా ముందు రీమ్ వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఏమో, బూడిదరంగు గీతలా గది అడ్డంగా దూసుకొచ్చి, ఖమర్ ముఖం మీద ఫెడీమని ఒక్కటి కొట్టింది. ఇంకొకటి కొట్టింది. ఖమర్ బిత్తరపోయి వెనక్కి జరిగింది. రీమ్ దానికీ పిల్లకూ మధ్య వీపు విల్లులా వంచి నిలబడింది. దాని ఒంట్లో ఖమర్‌లో సగం కూడా లేదు. అయినా ఆ బొద్దుపిల్లి ఒకడుగు వెనక్కి, ఇంకో అడుగు వెనక్కి వేసి, చివరికి తను ఏమీ చేయనట్టు కూర్చుని తన కాలు నాక్కోవడం మొదలుపెట్టింది.

అప్పుడు రీమ్ వెనక్కి తిరిగి నేమత్‌ను కూడా బుస్సుమంది. నేమత్ దాన్ని పట్టించుకోలేదు. రీమ్ తోక ఇన్నాళ్ళకు దొరికిందని రెండు చేతులా పట్టుకుంది.

బీబీజాన్‌కు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. పిల్ల ఒంటిమీద ఎక్కడా గాటు లేదు. మామా వంక తిరిగి చూసి అలాగే ఆగిపోయింది.

మామా నిలబడి ఉంది. పిల్ల కీచుమన్నప్పుడు లేచినట్టుంది. వాకర్ కుర్చీ వెనక ఎక్కడో ఉంది. ఒక చెయ్యి గట్టుమీద ఆనించి, తన రెండు కాళ్ళమీద నిలబడి నవ్వుతోంది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, "అల్హమ్దులిల్లాహ్, అల్హమ్దులిల్లాహ్" అంటూ నవ్వుతోంది.

"అమ్మా!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వంటింటి గుమ్మంలో నాసర్ నిలబడి ఉన్నాడు, కారు తాళాలు చేతిలోనే ఉన్నాయి. రియాద్ నుంచి చెప్పకుండా వచ్చాడు. అతను పిల్లులను చూడలేదు. తల్లి కాళ్ళను చూస్తున్నాడు.

"నువ్వు నిలబడ్డావు," అన్నాడు. దగ్గరికి వచ్చి తల్లి నుదుటిమీద ముద్దు పెట్టుకున్నాడు.  బీబీజాన్ వైపు తిరిగి, "అల్లా నీ చేతులను చల్లగా చూడాలి, బీబీజాన్" అన్నాడు. ఎప్పుడూ పొడిగా రెండు ముక్కలు మాట్లాడే మనిషి. బీబీజాన్ కొంగు సరిచేసుకుని నేలచూపులు చూసింది.

"నిన్ను తీసుకెళ్దామనే వచ్చానమ్మా," అన్నాడు తల్లితో. "గది కూడా సర్దించాను."

"నేను రాను, నాసర్. చూశావు కదా, ఇక్కడ నడుస్తున్నాను. మీ నాన్న ఇల్లు ఇది. నా పిల్లులు ఉన్నాయి. బీబీజాన్ ఉంది. ఇంకేం కావాలి నాకు?"

 నాసర్ రీమ్ తోకను కొరుకుతున్న పసుపు పిల్లను అప్పుడే చూసి, ఏదో అనబోయి, మానుకున్నాడు. "బీబీజాన్ ఉంటానంటే నేనింక రియాద్ మాట ఎత్తను," అన్నాడు. "అకామా ఈ వారమే మళ్ళీ చేయిస్తాను. తను లేకపోతే మాత్రం నిన్ను ఒంటరిగా ఇక్కడ వదలను."

తల్లీకొడుకులిద్దరూ బీబీజాన్ వైపు చూశారు. మామా ముఖంలో అనుమానమన్నదే లేదు.

"ఉంటుంది," అంది మామా. "ఉంటావు కదా?"

బీబీజాన్‌కు షమీమ్ కట్టిన పరదా గుర్తొచ్చింది. దాని రంగు ఏమిటో కూడా అడగలేదు తను. ఊఁ అంటే చాలు, ఈ పూటకు అందరూ సంతోషంగా ఉంటారు. తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు. ఊఁ అనబోయింది. అంతలో మామా తడి కళ్ళు చూసింది. దాచిపెడితే ఈ మనిషికి ఎక్కడ నొప్పి పుడుతుందో ఇప్పుడు ఆమెకు తెలుసు.

"మామా," అంది.  "నా బిడ్డ నన్ను పిలుస్తోంది. రంజాను తర్వాత వచ్చేస్తానని మాటిచ్చాను. మీకు ముందే చెప్పాల్సింది. రోజూ అనుకున్నాను, చెప్పలేకపోయాను."

 నాసర్ ముఖం మాడిపోయింది. "చూశావా అమ్మా..." అని మొదలుపెట్టాడు.

మామా చెయ్యి ఎత్తి అతన్ని ఆపింది.  "నువ్వు వెళ్ళి మజ్లిస్ గదిలో కూర్చో, నాసర్. తలుపు వేసి వెళ్ళు."

"అమ్మా, ఈ విషయం మనం..."

"వెళ్ళు."

అతను వెళ్ళాడు. తలుపు మూసుకుంది. మామా కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న స్టూలు వైపు చూపించింది. బీబీజాన్ కూర్చున్నాక ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఈసారి నువ్వే చెప్పావు. అల్లా నీకు మేలు చెయ్యాలి," అంది. "నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్పాలి. నీ కూతురు నాకు ఫోన్ చేసింది, బీబీజాన్. మొన్న కాదు, నిన్న కాదు. రెండేళ్ళుగా చేస్తూనే ఉంది."